లాటినా సంస్కృతమా, తొమ్మిదో క్లాసు పిల్లకి ఏది మేలు?

మా అక్క కూతురు విజయనగరంలో తొమ్మిది చదువుతోంది, మొన్న సెలవుల్లో మావయ్యా నేను లాటిన్ నేర్చుకుంటాను అని కూర్చుంది. అక్కేమో లాటినేటి, ఎలాగూ ఇంటర్లో సంస్కృతం తీస్కుంటుంది కదా అదే ఇప్పుడు మొదలెట్టమను అంటుంది. రెండ్రోజులు ఆలోచించాక నాకు అనిపించింది రాస్తున్నా.

సంస్కృతానికి ఉన్న పెద్ద బలం మాస్టారు దొరకడం. 1860 నుంచి సంస్కృత కాలేజీ ఉన్న ఊరు ఇది, అడిగితే కూర్చోబెట్టి చెప్పేవాళ్లున్నారు. లాటిన్‌కి మన వైపు నాకు తెలిసి ఎవరూ లేరు, ఫోన్లో వీడియోలూ పీడీఎఫ్‌లే, తప్పు చదివితే అక్కడే ఆపి సరిదిద్దే మనిషి ఉండడు.

కష్టం సంగతికొస్తే లాటినే కొంచెం తేలిక. సంస్కృతంలో సంబోధనతో కలిపి ఎనిమిది విభక్తులు, మూడు వచనాలు, అంటే ఒక్కో నామవాచకానికి 24 రూపాలు, లాటిన్‌లో ద్వివచనం లేదు, మామూలుగా ఆరు విభక్తులు, 12తో అయిపోతుంది, సంధులు విడదీసుకునే బాధ కూడా పెద్దగా ఉండదు. క్రియలు మాత్రం అక్కడా బోలెడు. డుమువులు వల్లెవేసిన పిల్లకి మాట చివర మారితే అర్థం మారుతుందని కొత్తగా చెప్పక్కర్లేదు.

సాహిత్యం దగ్గరకొచ్చేసరికి నేనే మెత్తబడిపోయా. రోమన్ కవి వర్జిల్ లాటిన్‌లో రాసిన ఈనియడ్ కావ్యం అర్మ విరుమ్‌క్వె కానో అని మొదలవుతుంది, ఆయుధాల్నీ ఆ మనిషినీ పాడుతున్నాను అని. ఆ విరుమ్ మన వీరుడికి చుట్టమే, వెనక తగిలించిన క్వె సంస్కృతంలో చ కి చుట్టం, రెండూ మాట తర్వాతే వస్తాయి. ఛందస్సు ఇంకా బాగుంది, పాదానికి ఆరు గణాలు, ఎక్కువగా భగణం లేదంటే రెండు గురువులు. ఉత్పలమాలకి గణవిభజన చేసే పిల్ల కదా, పెన్సిల్ తీసి అర్మవి ఒక భగణం, రుమ్‌క్వెక ఇంకో భగణం అని గీసేసింది, నాకు ఎంత ఆనందమేసిందో!

నీట్‌కి లాటిన్ పనికొస్తుందంటారు. నిజమే, ఉద్దానం కొబ్బరి శాస్త్రీయ నామం కోకోస్ న్యూసిఫెరా, కాయలు మోసేది అని, పలాస జీడి అనకార్డియం ఆక్సిడెంటాలే, పడమటిది అని, బ్రెజిల్ నుంచి వచ్చింది కాబట్టి. కానీ ఆ పేర్ల కోసమే అయితే ఓ వంద మాటలు చాలు, భాష మొత్తం అక్కర్లేదు.

మార్కుల మాట కూడా చెప్పాలి. నేను ఇంటర్లో సంస్కృతం తీస్కున్నా, మార్కులు బాగానే వచ్చాయి, ఈరోజు ఒక్క శ్లోకం సొంతంగా విడదీసుకోలేను, జవాబులు బట్టీ పట్టించారు అంతే, అది ఇప్పటికీ బాధే. అలా చదివే సంస్కృతం కంటే మార్కుల్లేకుండా ఇష్టంగా చదివే లాటిన్ వెయ్యి రెట్లు నయం.

అందుకే అక్కకి చెప్పా, ఒక్కటే కుదురుతుందంటే సంస్కృతం, పక్కన మాస్టారు ఉన్నారు కాబట్టి, కానీ రామః రామౌ రామాః అని రామ శబ్దం నుంచి సరిగ్గా మొదలెట్టాలి, గైడు ముట్టుకోకూడదు. ప్రస్తుతం రెండూ కుదిరేలా ఆదివారం పొద్దున సంస్కృతానికి మాస్టారి దగ్గరకి, రోజూ రాత్రి అరగంట లాటిన్, టెన్త్ పరీక్షలు దగ్గరపడ్డాక లాటిన్ ఆపుతుంది. ప్రస్తుతానికి మా గుంట ఒప్పుకుంది.