బరువైన జడ ఉన్నవారికి హెచ్చరిక: ‘వ్యాయామం సెట్టు’ కొనే ముందు ఇది చదవండి

తిరుపతిలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పొడవైన, ఒత్తైన జుట్టుతో నడకకో జిమ్‌కో వెళ్తున్న అక్కచెల్లెళ్లందరికీ ఈ హెచ్చరిక. ‘బరువైన జుట్టుకు ప్రత్యేకం, అర కిలో వరకు జారదు’ అనే ప్రకటనతో ఫోన్లలో కనిపించిన మూడు వస్తువుల సెట్టును నేను గత వేసవిలో 1,299 రూపాయలు పెట్టి కొన్నాను. అందులో ఒక రబ్బరు బ్యాండు, పెద్ద పళ్ల క్లిప్పు ఒకటి, లోపలివైపు సిలికాన్ అతికించిన తలపట్టీ ఒకటి వచ్చాయి. ఐదు వారాలు తిరగకముందే బ్యాండు సాగిపోయింది, క్లిప్పు విరిగింది, నా కణతల దగ్గర జుట్టు పలచబడింది. డబ్బు ఇంతవరకు తిరిగి రాలేదు.

నా జుట్టు పొడవు 105 సెంటీమీటర్లు, జడ తొడల మధ్య దాకా వస్తుంది. రోజూ ముప్పావు గంట వేగంగా నడవాలని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఉదయం విశ్వవిద్యాలయ ప్రాంగణంలో నడుస్తున్నాను, వీలైన శనివారాల్లో అలిపిరి మెట్లు ఎక్కుతున్నాను. ఇంత జడతో వ్యాయామం చేయడంలో ఉన్న కష్టం చేసేవారికే తెలుస్తుంది. వేగంగా నడిస్తే జడ అటూ ఇటూ ఊగి ప్రతి అడుగుకూ నడుముకు కొడుతుంది, సూర్యనమస్కారంలో ముందుకు వంగితే భుజం మీదుగా జారి నేలకు తగులుతుంది, దాని మీదే అరచేయి పడితే తల లేవదు. కొప్పు వేసుకుని వెల్లకిలా పడుకుంటే తల ఆనదు, మెడ ముందుకు వంగిపోతుంది. నడినెత్తిన ముడి వేస్తే బరువంతా కుదుళ్ల మీదే పడి సాయంత్రానికి తలనొప్పి వస్తుంది. అందుకే ఆ ప్రకటన చూడగానే, మన ఇబ్బంది తెలిసిన వాళ్లెవరో చేశారని నమ్మి ముందుగానే డబ్బు పంపాను.

మొదట పాడైనది బ్యాండు. మన ఇళ్లలో తలకు కొబ్బరినూనె రాసుకోనివారు తక్కువ. మామూలు రబ్బరు నూనె తగిలితే ఉబ్బి, క్రమంగా బిగువు కోల్పోతుంది. మూడో వారానికి అది ఏడు చుట్లు చుట్టినా నిలవలేదు. అంతకంటే చెడ్డ విషయం దాని అతుకు దగ్గర ఉంది. రెండు కొసలను చిన్న లోహపు ముక్కతో నొక్కి కలిపారు, ఆ ముక్క అంచు తీసిన ప్రతిసారీ నాలుగైదు వెంట్రుకలను తెంపింది. దువ్వెనలో వచ్చిన వెంట్రుకలను తెల్ల కాగితం మీద పరచి చూస్తే చాలా వాటికి మొదట్లో ఉండాల్సిన తెల్లని చిన్న ఉబ్బు లేదు. సహజంగా రాలిన వెంట్రుకకు ఆ ఉబ్బు ఉంటుంది, మధ్యలో తెగినదానికి ఉండదు. రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే కాబట్టి చాలామంది ఈ తేడా గమనించరు. దయచేసి మీరూ ఒకసారి అలా పరచి చూడండి.

తలపట్టీ చేసిన నష్టం ఇంకా పెద్దది. సిలికాన్ పొడిగా ఉన్నప్పుడు గట్టిగానే పట్టుకుంటుంది, కానీ నూనె, చెమట చేరగానే జారుతుంది. జారినప్పుడల్లా మనం దాన్ని వెనక్కి లాగి ఇంకా బిగిస్తాం. పైగా కొప్పు బరువు కూడా దాని మీదే ఆనేలా పెట్టుకోవాలని పెట్టెలోని కాగితంలో బొమ్మ వేసి చూపించారు. అంటే మెడ వెనుక ఉండాల్సిన భారమంతా నుదుటి అంచున, కణతల దగ్గర ఉండే సన్నని వెంట్రుకల మీదికి మళ్లింది. తడిసిన వెంట్రుక పొడి వెంట్రుక కంటే ఎక్కువ సాగుతుంది, సులభంగా తెగుతుంది. వేసవి ఉదయం ఏడు గంటలకే చెమటతో తల తడిసిపోయే మన ఊరిలో రోజూ ఆ స్థితిలోనే లాగుడు సాగింది. కణతల దగ్గర ఎర్రని చిన్న పొక్కులు లేచిన తరువాత చర్మవైద్యురాలికి చూపించాను. ఇది ట్రాక్షన్ అలోపేషియా, అంటే ఎడతెగని లాగుడు వల్ల కుదుళ్లు దెబ్బతినడం అని ఆమె చెప్పారు. మొదట్లోనే ఆపేస్తే జుట్టు మళ్లీ వస్తుంది, ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లు శాశ్వతంగా మూసుకుపోతాయి. నాది మొదటి దశేనని విన్నప్పుడు పోయిన ప్రాణం లేచి వచ్చింది.

క్లిప్పు మోకాళ్ల మెట్టు దగ్గర విరిగింది. అలిపిరి దారిలోని సుమారు 3,550 మెట్లలో కాళ్లకు అసలు పరీక్ష అక్కడే. ఒక్కసారిగా టప్పుమని శబ్దం వచ్చి, స్ప్రింగు ఎగిరిపడి, జుట్టంతా ముఖం మీదికి కుప్పగా జారింది. ముందు మెట్టు కనబడక తూలిపోతే వెనుక వస్తున్న పెద్దావిడ భుజం పట్టుకుని ఆపారు. అదే జిమ్‌లో నడక యంత్రం మీద జరిగి ఉంటే, జడ కొస కదిలే పట్టాలో చిక్కుకుంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది. విరిగిన చోట చూస్తే స్ప్రింగు ఇరుసు లోహపు కడ్డీ కాదు, రెండు ప్లాస్టిక్ ముక్కలను జిగురుతో అతికించారు.

‘తెగిన వెంట్రుకలే కదా, మళ్లీ పెరుగుతాయి’ అనేవారికి ఒక లెక్క చెబుతాను. తల వెంట్రుక నెలకు సుమారు 1.25 సెంటీమీటర్లు, ఏడాదికి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. ఆ లెక్కన నా జడ కొసకు ఏడేళ్ల వయసు. మెడ దగ్గర తెగిన పాయ మళ్లీ జడ కొసను చేరడానికి ఇంచుమించు ఆరేళ్లు పడుతుంది. స్వామికి మొక్కుకుంటే కల్యాణకట్టలో మొత్తం తలనీలాలు సంతోషంగా సమర్పిస్తాను, అది వేరు. నాసిరకం క్లిప్పు చేతిలో ఒక్క పాయ పోవడానికి కూడా నా మనసు ఒప్పుకోదు.

అమ్మినవారికి ఫొటోలు పంపితే ‘వాడిన వస్తువు వెనక్కి తీసుకోము’ అని ఒక్క మాటతో సరిపెట్టి, తరువాత నా నంబరును బ్లాక్ చేశారు. అప్పుడు గానీ నేను పెట్టెను సరిగా చూడలేదు, ఆ తప్పు నాదే. దాని మీద తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఏవీ లేవు. ప్యాక్ చేసి అమ్మే సరుకు మీద ఈ వివరాలు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నాయి. లోపమున్న వస్తువును, ప్రకటనలో చెప్పిన గుణాలు లేని వస్తువును వెనక్కి తీసుకోవడానికి ఆన్‌లైన్ అమ్మకందారు నిరాకరించకూడదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనలు కూడా ఉన్నాయి. కాబట్టి ‘వాడినది’ అన్న మాటకు భయపడి ఊరుకోకండి.

ఇలాంటివి కొనక తప్పదనుకుంటే దుకాణానికి వెళ్లి, నూనె రాసిన మీ జడకే పెట్టి చూసుకోండి, తలను గట్టిగా నాలుగుసార్లు ఊపండి, వంగి లేవండి. క్లిప్పు ఇరుసు లోహపుదేనా, పళ్ల అంచులు వేలికి గరుకుగా తగులుతున్నాయా అని తడిమి చూడండి. బ్యాండుకు లోహపు అతుకు ఉంటే ఎంత చవకైనా వద్దు.

ప్రస్తుతం నేను మెడ దగ్గర వదులుగా జడ అల్లి, సగానికి మడిచి, వెడల్పాటి నూలు రిబ్బనుతో రెండు చోట్ల కడుతున్నాను. నాట్యం చేసే అమ్మాయిలు జడను ఒడ్డాణంలోకి దోపుకున్నట్టు మెట్లు ఎక్కేటప్పుడు కొసను చున్నీ కట్టులోకి దోపుతున్నాను. పడుకుని చేసే వ్యాయామాలకు రెండు జడలు వేసి చెరో పక్కకు వదిలితే తల నేలకు ఆనుతుంది, బరువూ రెండుగా పంచుకుంటుంది. ఇంటికి రాగానే విప్పి ఆరబెట్టడం మాత్రం మానను, చెమట తడితో ముడి అలాగే ఉంచితే తల దురద మొదలవుతుంది. కణతల దగ్గర ఇప్పుడు అర అంగుళం కొత్త జుట్టు వచ్చింది.

జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. విరిగిన క్లిప్పు, పేరులేని ఆ పెట్టె, డబ్బు పంపిన రసీదు, చర్మవైద్యురాలి చీటీ పడేయకుండా ఒకే సంచిలో దాచి ఉంచాను. ఇదే సెట్టు కొని నష్టపోయినవారు ఎవరైనా ఉంటే మీ పెట్టెను కూడా పారేయకండి.