యార్డు బిల్లింగ్ టెస్టులకు ఎంబెడెడ్ పోస్ట్‌గ్రెస్: మూడు మిర్చి సీజన్ల వాడకం తర్వాత

గుంటూరు మిర్చి కమీషన్ కొట్ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో అసలు లెక్కంతా డేటాబేసులోనే తేలుతుంది. లాటు, టిక్కీలు (మిర్చి బస్తాలు), తూకం, రకం తేజానా 334నా, క్వింటా ధర, కమీషను, హమాలీ. సగం నియమాలు జావా కోడులో కాక పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ఇండెక్సుల్లో, కన్‌స్ట్రెయింట్లలో (డేటా మీద పెట్టే షరతుల్లో) కూర్చుని ఉంటాయి. ఇలాంటి కోడుకు మాక్‌లు (అసలు డేటాబేసు బదులు నకిలీ వస్తువులు) పెట్టి రాసిన టెస్టు పాసైనా ఫెయిలైనా తెలిసేదేమీ ఉండదు. విజయవాడలోని మా టీమ్ మొదట హెచ్2 ఇన్‌మెమరీ డేటాబేసు వాడి, తర్వాత జోంకీ ఎంబెడెడ్ పోస్ట్‌గ్రెస్ లైబ్రరీకి మారింది. ఈ సమీక్ష దాని గురించే.

ఇది పోస్ట్‌గ్రెస్‌ను అనుకరించే సరుకు కాదు. అసలు బైనరీలే (నడిచే ప్రోగ్రాము ఫైళ్లే) జావా లైబ్రరీలు తెచ్చే మేవెన్ ద్వారా జార్‌గా వస్తాయి. మొదటిసారి టెంప్ ఫోల్డర్లో విప్పుకుని, కొత్త డేటా ఫోల్డరు సృష్టించే ఇనిట్‌డీబీ నడిపి, ఖాళీగా ఉన్న పోర్టులో సర్వర్ లేపుతుంది. వేరే ప్రాసెస్‌గా నడుస్తుంది కాబట్టి దీన్ని ఎంబెడెడ్ అనడం కొంచెం అతిశయమే. కంటైనర్లు నడిపే డాకర్ అక్కర్లేదు కదా, 8 జీబీ లాప్‌టాప్‌లున్న టీముకు అదే పదివేలు.

హెచ్2 ఎందుకు వదలాలో మూడు ఉదాహరణలు చాలు. రద్దు కాని బిల్లు నంబరు కొట్టులో రెండోసారి రాకూడదని వేర్ షరతుతో యూనిక్ ఇండెక్స్ పెడతాం. ఇలాంటి పాక్షిక ఇండెక్స్ హెచ్2లో లేదు, మైగ్రేషన్ (పట్టికలు కట్టే స్క్రిప్టు) అక్కడే ఆగుతుంది. పోస్ట్‌గ్రెస్ మోడ్ పెట్టినా, ఇన్సర్ట్‌లో డూప్లికేట్ వస్తే ఏం చేయాలో చెప్పే ఆన్ కాన్‌ఫ్లిక్ట్‌లో డూ నథింగ్ వరకే ఒప్పుకుంటుంది, డూ అప్‌డేట్ అంటే కుదరదు. ఈ రెండూ కనీసం మొహం మీదే చెబుతాయి. మూడోదే ప్రమాదం. రైతు పేరు ఇన్సర్ట్ చేసి, డూప్లికేట్ ఎర్రర్ వస్తే పట్టుకుని, అదే ట్రాన్సాక్షన్‌లో పాత రికార్డు తీసుకునే కోడు హెచ్2లో నిక్షేపంగా పాసవుతుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఎర్రర్ వచ్చిన క్షణమే ట్రాన్సాక్షన్ చెడిపోతుంది. రోల్‌బ్యాక్ అయ్యేదాకా, లేదా సేవ్‌పాయింట్‌కి వెనక్కి వెళ్లేదాకా, తర్వాతి ప్రతి క్వెరీనీ తిప్పికొడుతుంది. టెస్టుల్లో పచ్చ, కొట్టులో రచ్చ. ఆన్ కాన్‌ఫ్లిక్ట్ డూ నథింగ్ రాసి, తర్వాత సెలెక్ట్ చేయడమే దీనికి విరుగుడు.

ఇక వేగం. సర్వర్ లేవడానికి కొన్ని సెకన్లు పడుతుంది, కాబట్టి జేవీఎం (జావా ప్రోగ్రాము నడిచే ప్రాసెస్) మొత్తానికి ఒక్కటే లేపాలి, క్లాసుకొకటి కాదు. డేటాను డిస్కులో భద్రంగా రాసే సెట్టింగులు ఎఫ్‌సింక్, సింక్రనస్ కమిట్, ఫుల్ పేజ్ రైట్స్ మూడూ ఆఫ్ చేయాలి. కరెంటు పోయి డేటా పాడైతే పారేసి మళ్లీ సృష్టించుకోవడమే. అసలు సర్వర్లో మాత్రం వీటి జోలికి పోకూడదు. ఆ తర్వాత అసలు కిటుకు టెంప్లేట్ డేటాబేసు. మైగ్రేషన్లు నడిపే ఫ్లైవే లైబ్రరీతో అవన్నీ ఒక్కసారి ఒక డేటాబేసు మీద నడిపి, ప్రతి టెస్టు క్లాసుకీ క్రియేట్ డేటాబేస్ కమాండ్‌కి టెంప్లేట్‌గా దాన్నిచ్చి నకలు తీయాలి. మైగ్రేషన్లు వందలున్నా ఫైళ్ల నకలే కాబట్టి తేడా వెంటనే కనిపిస్తుంది. టెంప్లేట్‌కి ఒక్క కనెక్షన్ తెరిచి ఉన్నా నకలు ఫెయిలవుతుంది, ఫ్లైవే వాడిన పూల్‌ను (తెరిచి ఉంచిన కనెక్షన్ల గుంపును) ముందే మూసేయాలి. ఖాళీ నకలు కూడా దాదాపు 7 ఎంబీ తింటుంది. క్లాసు అయిపోగానే డ్రాప్ చేయకపోతే, డేటా ఫోల్డర్‌ను ర్యామ్ డిస్కులో పెట్టినవాళ్లకు అది నిండిపోయి ఎక్కడెక్కడో ఎర్రర్లు వస్తాయి. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ వాడేవాళ్లు ఇదంతా చేత్తో రాయక్కర్లేదు, జోంకీ వాళ్లదే మరో లైబ్రరీ టెంప్లేట్ పని చూసుకుంటుంది.

నకళ్లెందుకు, ప్రతి టెస్టునీ ట్రాన్సాక్షన్‌లో నడిపి రోల్‌బ్యాక్ చేస్తే పోదా అనే ప్రశ్న వస్తుంది. చాలా టెస్టులకు సరిపోతుంది, అంతకన్నా వేగం కూడా. కానీ మూడు చోట్ల మోసం చేస్తుంది. నౌ ఫంక్షన్ ట్రాన్సాక్షన్ మొదలైన సమయాన్నే చివరిదాకా చెబుతుంది; ముందు వేసిన వేలం పాటకీ తర్వాత వేసినదానికీ ఒకే సమయం పడి, వరుస చూసే టెస్టు ఒకసారి పాసై ఇంకోసారి ఫెయిలవుతుంది. డిఫర్డ్ కన్‌స్ట్రెయింట్లు కమిట్ దగ్గరే చూస్తాయి, కమిట్టే లేకపోతే వాటి తప్పు బయటపడదు. టెస్టు చివర సెట్ కన్‌స్ట్రెయింట్స్ ఆల్ ఇమీడియట్ అనాలి. వరుస నంబర్లిచ్చే సీక్వెన్సు రోల్‌బ్యాక్‌తో వెనక్కి రాదు, రెండో టెస్టులో బిల్లు నంబరు 1 ఉంటుందని ఆశించకూడదు. నిజానికి ఇది టెస్టు నేర్పే పాఠమే: నంబర్లలో ఖాళీ ఉండకూడని బిల్లు పుస్తకానికి సీక్వెన్సు పనికిరాదు, ఫర్ అప్‌డేట్‌తో తాళం వేసిన కౌంటర్ రో (పట్టికలో ఒక అడ్డవరుస) కావాలి.

తెలుగు డేటా ఉన్నవాళ్లకు ఇంకో గొయ్యి ఉంది. లైబ్రరీ కాకుండా సొంత స్క్రిప్టుతో ఇనిట్‌డీబీ నడిపితే, లొకేల్ (భాషా సెట్టింగు) లేని లినక్స్ మెషీన్లో ఎన్‌కోడింగ్ ఎస్‌క్యూఎల్_ఆస్కీగా పడుతుంది. అప్పుడు అక్షర సంకేతాలు కాక బైట్లే లెక్క, ‘గుంటూరు’ పొడవు 7 కాదు, 21. వార్‌చార్ 20 కాలమ్‌లో పట్టదు. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్8 అని తప్పకుండా చెప్పాలి. పేర్ల వరుస కూడా అంతే. సి లొకేల్‌లో యూనికోడ్ పట్టిక ప్రకారం ళ, వ కంటే ముందొస్తుంది, కాళేశ్వరరావు కావేరికి పైన పడతాడు. మన వర్ణమాలలో ళ, హ తర్వాత కదా. పేర్ల జాబితాలున్న చోట ఆర్డర్ బై లోనే కొలేషన్ (అక్షరక్రమ నియమం) రాసి, అది రెండు సర్వర్లలోనూ ఉందో లేదో పీజీ_కొలేషన్ పట్టికలో చూసుకోవాలి.

టైమ్‌జోన్ సంగతి: జావాను పోస్ట్‌గ్రెస్‌కి కలిపే జేడీబీసీ డ్రైవరు సెషన్‌కి జేవీఎం టైమ్‌జోన్‌నే పంపుతుంది. లాప్‌టాప్‌లో ఏషియా/కోల్‌కతా, సీఐ మెషీన్లో (టెస్టులు వాటంతటవే నడిచే సర్వర్లో) యూటీసీ ఉంటే, తెల్లవారుజామున 4 గంటలకు లారీ నుంచి దిగిన లాటు అక్కడ నిన్నటి తేదీలో పడుతుంది. టెస్టు కమాండులోనే యూజర్ టైమ్‌జోన్ ఇచ్చేస్తే సరి.

చిరాకులూ ఉన్నాయి. రూట్ యూజర్‌గా ఇనిట్‌డీబీ నడవదు, కంటైనర్లో నడిచే సీఐకి మామూలు యూజర్ కావాలి. ఐడీఈలో (కోడు రాసే ప్రోగ్రాములో) ఎర్ర బటన్ నొక్కి బలవంతంగా ఆపితే వెనక పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్ అనాథలా మిగిలిపోతుంది, రోజుకోసారి చంపుకోవాలి. విండోస్‌లో యాంటీవైరస్ ప్రతి ఫైలునూ తడుముతుంది కాబట్టి టెంప్ ఫోల్డర్‌కి మినహాయింపు ఇవ్వకపోతే వేగమంతా గాలికి పోతుంది. స్ప్రింగ్ టెస్టు కాంటెక్స్టులను (టెస్టు కోసం లేపిన అప్లికేషన్ సెటప్‌లను) 32 దాకా దాచుకుంటుంది, ఒక్కోదానికీ హికారీ పూల్ 10 కనెక్షన్లు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ పరిమితి 100ని జోంకీ 300 చేస్తుంది, అయినా ముప్పై కాంటెక్స్టులు దాటితే ‘టూ మెనీ క్లయింట్స్’ అంటుంది. టెస్టు ప్రొఫైల్‌లో పూల్ సైజు 2 చాలు.

మ్యాపుల డేటాకు వాడే పోస్ట్‌జీఐఎస్ లాంటి ఎక్స్‌టెన్షన్లు మామూలు ప్యాకేజీలో రావు, అవి కావలసినవాళ్లు బరువైనా డాకర్‌తో డేటాబేసు లేపే టెస్ట్‌కంటైనర్సే వాడాలి. ఎం సిరీస్ మ్యాక్‌ల బైనరీ వేరే డిపెండెన్సీగా కలుపుకోవాలి. బైనరీల వెర్షన్‌ను బామ్‌లో (మేవెన్ వెర్షన్ల జాబితాలో) కట్టేసి, సర్వర్లో పోస్ట్‌గ్రెస్ మార్చిన రోజునే అదీ మార్చాలి.