ఆమ్‌స్టర్‌డామ్ ‘ది ఎడ్జ్’ ఆఫీసు భవనం: యాప్ కంటే గోడలే తెలివైనవి

ఆమ్‌స్టర్‌డామ్ నగరపు దక్షిణ భాగంలోని జౌదాస్ వ్యాపార కేంద్రంలో, ఆడిట్, వ్యాపార సలహాల సంస్థ డెలాయిట్ ప్రధాన అద్దెదారుగా 2014లో పూర్తయిన ‘ది ఎడ్జ్’ భవనం గురించి రాసేవారు సాధారణంగా దాని మొబైల్ యాప్‌తో మొదలుపెడతారు. పార్కింగ్ కెమెరా కారు నంబరును గుర్తుపట్టడం, ఆనాటి సమావేశాలను బట్టి యాప్ కూర్చోవలసిన చోటు సూచించడం, కాఫీ యంత్రానికి మనిషి రుచి తెలిసి ఉండడం వంటివి చదవడానికి ముచ్చటగానే ఉంటాయి. అయితే రోజుకు ఎనిమిది గంటలు అక్కడ గడిపే ఉద్యోగి వైపు నుంచి చూస్తే ఇవన్నీ త్వరగా పాతబడిపోయే హంగులు. ఈ భవనం గొప్పదనం అది ఏ దిక్కుకు తెరుచుకుంది, ఏ గోడను దేనితో కట్టారు, వాడిన గాలి ఎటు పోతుంది అన్న మూడు నిర్ణయాలలో ఉంది. దాని బలహీనత మాత్రం ఉద్యోగికి సొంత బల్ల లేకుండా చేసి, ఆ లేమికి స్వేచ్ఛ అని పేరు పెట్టడంలో ఉంది.

జౌదాస్‌కు ఆనుకునే ఉన్న ఆమ్‌స్టెల్‌వేన్ పట్టణంలో భారతీయ కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వాటిలో తెలుగు కుటుంబాలూ ఉన్నాయి. ఆ చుట్టుపక్కల ఆఫీసులలో ఉద్యోగానికి వచ్చేవారికీ, హైదరాబాదులో కొత్త ఆఫీసులకు నమూనాలు వెతికేవారికీ ఈ సమీక్ష ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

లండన్‌కు చెందిన పీఎల్‌పీ ఆర్కిటెక్చర్ ఈ భవనానికి రూపకల్పన చేయగా, ఓవీజీ అనే డచ్ సంస్థ కట్టించింది. దీనికి వచ్చిన పేరు ఎంతటిదంటే, ఆ సంస్థ తరువాత తన పేరునే ‘ఎడ్జ్’ అని మార్చుకుంది. విస్తీర్ణం దాదాపు 40,000 చదరపు మీటర్లు. స్థలం మాత్రం సుఖమైనదేమీ కాదు. ఉత్తరం వైపున ఏ10 మోటారు రహదారి హోరు ఉంటుంది. రోడ్డు మోతకు జడిసి అటువైపు గోడ మూసేయడం సామాన్యంగా ఎవరికైనా తట్టే ఉపాయం. ఈ రూపశిల్పులు పదిహేను అంతస్తుల ఎత్తున్న నడిమి ఖాళీని, అంటే ఏట్రియంను, సరిగ్గా ఆ ఉత్తరానికే తెరిచారు. మోతను తగ్గించడానికి అటువైపు అద్దాలను మందంగా వేసి, భవనానికీ రహదారికీ మధ్య పచ్చదనాన్ని పెంచి, అందులో తేనెటీగలకు, గబ్బిలాలకు కూడా చోటు కల్పించారు.

ఈ నిర్ణయంలోని తర్కం సూర్యుడి దారిని చూస్తే తెలుస్తుంది. ఆమ్‌స్టర్‌డామ్ ఉన్నది సుమారు 52 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు దిగంతానికి పద్నాలుగు డిగ్రీల ఎత్తు మించడు. అంత వాలుగా వచ్చే ఎండ దక్షిణపు కిటికీలోంచి నేరుగా కళ్ళలోనూ కంప్యూటర్ తెర మీదా పడుతుంది కనుక, అటు పూర్తి అద్దం పెడితే ఉద్యోగులు రోజంతా తెరలు దించుకుని ట్యూబులైటు వెలుగులో పనిచేయవలసి వస్తుంది. ఉత్తరం నుంచి వచ్చేది ఆకాశపు వెలుగే; అది గంటగంటకూ మారదు, కళ్ళను చెదరగొట్టదు. అందువల్ల ఉత్తరాన్ని అద్దాలకు వదిలి, దక్షిణాన బరువు మోసే కాంక్రీటు గోడలు కట్టి, వాటిలో చిన్న కిటికీలు ఉంచి, కిటికీలు లేని భాగమంతా సౌర ఫలకాలతో నింపారు. ఒకే గోడ కప్పును మోస్తుంది, నీడనిస్తుంది, విద్యుత్తు పుట్టిస్తుంది, తన మందం కొద్దీ వేడిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. వెలుతురు కోసం తెరుచుకునే కిటికీ వేరు, గాలి కోసం తెరుచుకునే పలక వేరు అన్న విభజన కూడా అందులో ఉంది. నా దృష్టిలో ఈ భవనంలో ఇంతకు మించిన తెలివైన వస్తువు లేదు; దీనికి సాఫ్ట్‌వేర్ నవీకరణ ఎన్నడూ అవసరం కాదు.

మండువా ఇంట్లో నడిమి వాకిలి చేసే పనినే ఇక్కడ ఏట్రియం చేస్తుంది. ప్రతి అంతస్తు నుంచీ వాడిన గాలి ఈ నడిమి ఖాళీలోకి వచ్చి, వెచ్చబడి పైకి లేచి, కప్పు దగ్గర బయటికి పోతుంది. గదులను చల్లబరచడానికీ వెచ్చబరచడానికీ పైకప్పులో నీటి గొట్టాలు పరిచారు కనుక, ఏసీ కింద కూర్చున్నవారికి మెడ మీద చల్లటి గాలి కొట్టి సాయంత్రానికి భుజాలు పట్టేసే బాధ ఇలాంటి ఏర్పాటులో చాలావరకు తప్పుతుంది. ఆ నీటికి కావలసిన వేడి, చల్లదనం భూమి నుంచి వస్తాయి. దాదాపు 130 మీటర్ల లోతున ఇసుక పొరల్లో ఉన్న భూగర్భ జలంలో వేసవి వేడిని దాచి చలికాలంలో వాడుకోవడం, చలికాలపు చల్లదనాన్ని దాచి వేసవిలో తోడుకోవడం నెదర్లాండ్స్‌లో బాగా అలవాటైన పద్ధతి. వర్షపు నీటిని పట్టి మరుగుదొడ్లకూ మొక్కలకూ వాడతారు.

డిజిటల్ హంగులలో నేను మనసారా మెచ్చుకునేది ఒక్క దీపాల ఏర్పాటునే. సుమారు 6,000 ఎల్ఈడీ దీపాలకు ఫిలిప్స్ సంస్థ విడిగా కరెంటు తీగలు లాగకుండా, కంప్యూటర్లకు వాడే ఈథర్నెట్ తీగల ద్వారానే విద్యుత్తునూ సమాచారాన్నీ పంపింది. దాని వల్ల ఉద్యోగి తాను కూర్చున్న చోట వెలుతురును, ఉష్ణోగ్రతను ఫోను నుంచి తనకు తగినట్టు సర్దుకోగలడు. పెద్ద హాలులో ఎవరో ఒకరు ఏసీని 20 డిగ్రీలకు దించడం, మరొకరు శాలువా కప్పుకుని కూర్చోవడం చూసినవారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. తన చుట్టూ ఉన్న వాతావరణం కొంతైనా తన చేతిలో ఉందన్న భావన సౌకర్యంలో పెద్ద భాగం.

ఇక భవనమంతా అమర్చిన దాదాపు 28,000 సెన్సర్ల సంగతి. కదలికను, వెలుతురును, ఉష్ణోగ్రతను, తేమను ఇవి గమనిస్తూ ఉంటాయి. జనం పలచగా వచ్చే రోజున ఒక భాగాన్ని పూర్తిగా మూసి అక్కడ దీపాలు, తాపన వ్యవస్థ ఆపేయవచ్చు. ఎవరూ వాడని చోటును ఆ రాత్రి శుభ్రం చేయకుండా వదిలి, బాగా వాడిన చోటుకు మనుషులను పంపవచ్చు. నిర్వహణ ఖర్చు దృష్ట్యా ఇది నిజమైన ఆదా. కానీ ఇదే వ్యవస్థ మనిషి కదలికలను కూడా లెక్కలోకి తెచ్చే శక్తి గలది కాబట్టి, దాన్ని ఎవరు చూడవచ్చు, ఎంతకాలం ఉంచవచ్చు అన్న ప్రశ్నలు తప్పవు. నెదర్లాండ్స్‌లో ఉద్యోగుల హాజరును, ప్రవర్తనను గమనించగల ఏ వ్యవస్థనైనా తేవాలంటే ఉద్యోగుల ప్రతినిధి మండలి సమ్మతి చట్టప్రకారం అవసరం. 2018 మే నుంచి యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ నిబంధన కూడా అమలులో ఉంది. ఈ రెండు రక్షణలు లేని చోట ఇవే సెన్సర్లు బిగిస్తే, ఎవరు ఎంతసేపు కుర్చీలో లేరో చెప్పే హాజరు పట్టీగా మారడానికి ఆట్టే కాలం పట్టదు. భవనాన్ని దిగుమతి చేసుకునేవారు చట్టాన్ని దిగుమతి చేసుకోవడం అరుదు.

అసలైన పేచీ బల్లల దగ్గర వస్తుంది. డెలాయిట్ ఇక్కడికి వచ్చినప్పుడు సుమారు 2,500 మంది ఉద్యోగులకు దాదాపు 1,000 బల్లలు ఏర్పాటు చేశారు. ఎవరికీ సొంత స్థానం లేదు; కూర్చుని పనిచేసే బల్ల, నిలబడి పనిచేసే బల్ల, చిన్న గది, బాల్కనీలో కుర్చీ, ఏకాగ్రత కోసం వేరే గది అంటూ పనిని బట్టి చోటు ఎంచుకోవాలి. సామాను పెట్టుకునే లాకరు కూడా ఆ రోజుకే. ఒకే లాకరును రోజుల తరబడి పట్టుకుని ఉండడాన్ని ప్రోత్సహించలేదు. ఆడిటర్లు, సలహాదారులు వారంలో సగం రోజులు ఖాతాదారుల దగ్గరే ఉంటారు కనుక ఈ లెక్క వారికి కుదురుతుంది. చోట్లలో ఇంత వైవిధ్యం ఉండడం కూడా నిజంగా మేలైనదే: ఉత్తరం రాయడానికీ, నలుగురితో వాదించడానికీ, జీతం గురించి గుసగుసలాడడానికీ ఒకే బల్ల సరిపోదు.

అయితే దీన్ని ఉద్యోగి స్వేచ్ఛగా మాత్రమే చెప్పడం సగం నిజం. యూరపు నగరాలలో ఆఫీసు అద్దె జీతాల తరువాత పెద్ద ఖర్చులలో ఒకటి. ఇద్దరున్నర మందికి ఒక బల్ల అంటే ఆ ఖర్చులో ఎంత మిగులుతుందో సంస్థకు బాగా తెలుసు. 2020 తరువాత ఇంటి నుంచి పని మామూలై, ఇలాంటి నిష్పత్తి ఇప్పుడు ఎవరినీ ఆశ్చర్యపరచదు కానీ, కొత్త చిక్కు ఒకటి వచ్చింది. నెదర్లాండ్స్‌లో జనం ఎక్కువగా ఆఫీసుకు వచ్చేది మంగళ, గురువారాల్లో. శుక్రవారం అంతటా వెలవెలబోతుంది. సగటు లెక్క మీద బల్లలు కొలిచిన ఏ ఆఫీసుకైనా మంగళవారం పరీక్షే. ఆ రోజున ఆలస్యంగా వచ్చినవారికి దక్కేది మెత్తటి సోఫా, ఒళ్ళో ల్యాప్‌టాప్, రాత్రికి నడుము నొప్పి. ఆరోగ్యం కోసమే కట్టామని చెప్పే భవనాలు ఈ ఒక్క విషయాన్ని ప్రకటన పత్రాలలో రాయవు.

వెసులుబాటు పనికి అసలు పునాది కూడా ఈ గోడల బయటే ఉంది. 2016 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చిన డచ్ చట్టం ప్రకారం పని గంటలు, పని వేళలు, పనిచేసే చోటు మార్చమని ఉద్యోగి అడగవచ్చు. పిల్లలున్న తండ్రులు కూడా వారంలో నాలుగు రోజులే పనిచేయడం అక్కడ వింతగా కనిపించదు. ఆ అలవాటు ముందే ఉన్నందువల్లే ఈ భవనం సాఫీగా నడుస్తుంది. మేనేజరు కంటికి కనబడితేనే పని జరిగినట్టు లెక్కించే చోట ఇదే ఏర్పాటు, పొద్దున్నే వచ్చి సంచి పెట్టి బల్ల ఆపుకునే పోటీగా మారుతుంది.

ఈ భవనానికి పర్యావరణ శ్రేణి ఇచ్చే బ్రీయామ్ పద్ధతిలో 98.36 శాతం మార్కులు వచ్చాయి. అప్పటికి ప్రపంచంలో అదే అత్యధికం. మామూలు ఆఫీసుతో పోలిస్తే 70 శాతం తక్కువ విద్యుత్తు వాడుతుందనీ, వాడేదానికంటే ఎక్కువ పుట్టిస్తుందనీ నిర్మాతలు చెబుతారు. అందుకు లెక్కలోకి తీసుకున్న సౌర ఫలకాలలో కొన్ని పొరుగున ఉన్న విశ్వవిద్యాలయ భవనాల కప్పుల మీద ఉన్నాయన్నది గుర్తుంచుకోవాలి. ఇది మోసమేమీ కాదు, నగరంలో ఖాళీగా ఉన్న కప్పును వాడుకోవడం మంచి ఆలోచనే. కాకపోతే పదిహేను అంతస్తుల ఆఫీసు తన ఒంటి మీద పడిన ఎండతోనే బతుకుతోందని చదువరి అనుకుంటే అది పొరపాటు. వ్యాయామశాల, సైకిళ్ళకు చోటు, కారుకు దారి చూపే దీపాలు మొదలైనవి బాగున్నాయి, అంతకు మించి వాటి గురించి చెప్పవలసినది లేదు.

హైదరాబాదు వారికి ఒక హెచ్చరిక. ఈ భవనం ఫొటో చూసి ఉత్తరపు అద్దాన్ని నాలుగు వైపులా దించితే, గచ్చిబౌలిలో ఇప్పటికే ఉన్న పెట్టెలకు మరొకటి తోడవుతుంది. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది; డిసెంబరులో కూడా మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకు లేస్తాడు, దక్షిణపు ఎండను చిన్న చూరుతో ఆపవచ్చు. మనల్ని కాల్చేది పడమటి ఎండ, కాబట్టి కాంక్రీటు గోడ, చిన్న కిటికీ అటు తిరగాలి. ఈ ఆలోచన మనకు కొత్తదేమీ కాదు. 2004లో హైదరాబాదులో ప్రారంభమైన సీఐఐ (భారత పరిశ్రమల సమాఖ్య) సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్, పర్యావరణహిత భవనాలకు ఇచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం, నడిమి వాకిలి చుట్టూ కట్టినదే. పోచారంలో ఇన్ఫోసిస్ ఒకే భవనాన్ని రెండు సమాన భాగాలు చేసి, ఒక సగానికి మేలైన మామూలు ఏసీ, మరో సగానికి నీటి గొట్టాలతో చల్లబరిచే పద్ధతి పెట్టి పోల్చి చూడగా, రెండోది సుమారు మూడో వంతు తక్కువ విద్యుత్తుతో నడిచింది. మన తేమకు గొట్టాల చుట్టూ నీరు పట్టకుండా లోపలి గాలిని ముందుగా పొడిబార్చాలి, అంతే.

ది ఎడ్జ్ ప్రైవేటు ఆఫీసు కనుక పనిలేనివారు లోపల తిరగడానికి వీలుండదు. దక్షిణపు గోడను మాత్రం జౌదాస్ వీధిలోంచి చూడవచ్చు, ఆమ్‌స్టర్‌డామ్ జౌద్ స్టేషను నుంచి నడిచే దూరమే. ఇలాంటి భవనంలో ఉద్యోగానికి పిలుపు వస్తే వెలుతురు గురించి, గాలి గురించి నిశ్చింతగా ఉండవచ్చు. ఇంటర్వ్యూ చివర ‘ఏమైనా అడగాలా’ అన్నప్పుడు మంగళవారం ఒక్కో బల్లకు ఎంతమంది వస్తారు, లాకరు సొంతంగా ఇస్తారా, సెన్సర్ల సమాచారంలో పేర్లు ఉంటాయా, ఉంటే ఎవరి చేతికి వెళతాయి అన్నవి అడిగి, జవాబులను ఆఫర్ లెటర్ మీద సంతకం చేసేలోపు ఈమెయిలులో రాయించుకోవడం మంచిది.