కౌలు గడువు తీరిన నాటకశాల వెంట లండన్‌లో రెండు రోజులు

ముప్పై ఏళ్ళు ఏలూరులో దస్తావేజులు రాసి బతికినవాణ్ణి. లండన్ వెళ్తే అందరూ రాజుగారి కోట చూస్తారు. నాకేమో ఒక కౌలు తగాదా జరిగిన చోటు చూడాలనిపించింది. క్రాయిడన్‌లో ఉండే మా మేనల్లుడు "అక్కడ ఏముంటుంది మామయ్యా?" అన్నాడు. నిజమే, పెద్దగా ఏమీ ఉండదు. కథ తెలిసి వెళ్తేనే కనిపించే చోట్లు అవి.

1576లో జేమ్స్ బర్బేజ్ అనే నటుడు లండన్ గోడ బయట, షోర్‌డిచ్‌లో, గైల్స్ ఆలెన్ అనే ఆసామి దగ్గర స్థలం 21 ఏళ్ళకు కౌలుకు పుచ్చుకున్నాడు. ఏడాదికి 14 పౌండ్లు. అందులో 'ది థియేటర్' అనే నాటకశాల కట్టాడు. స్థలం ఆలెన్‌ది, కట్టడం బర్బేజ్‌ది. గుడి మాన్యంలో ఇల్లు కట్టుకున్నవాళ్ళను అడగండి, ఈ తలనొప్పి ఎలా ఉంటుందో చెప్తారు. అయితే బర్బేజ్ తెలివైనవాడు. అక్కడి పాత ఇళ్ళ మీద 200 పౌండ్లు ఖర్చు పెడితే నాటకశాలను విప్పి పట్టుకుపోవచ్చని కౌలులోనే షరతు రాయించుకున్నాడు. 1597లో గడువు తీరింది. ఆలెన్ 24 పౌండ్లు అడిగాడు. ఆ ఏడాదే జేమ్స్ పోయాడు, బేరం తెగలేదు. 1598 డిసెంబర్ 28న, ఆలెన్ ఊళ్ళో లేని సమయం చూసి, కొడుకులు కత్‌బర్ట్, రిచర్డ్ పీటర్ స్ట్రీట్ అనే మేస్త్రీని, పనివాళ్ళను వెంటబెట్టుకొచ్చి నాటకశాలను దూలం దూలం విప్పేశారు. ఆలెన్ 800 పౌండ్లకు దావా వేశాడు. తొక్కేసిన గడ్డికి 40 షిల్లింగులు విడిగా లెక్కగట్టాడు! ఇలాంటి పార్టీలు నాకూ తగిలారు.

షోర్‌డిచ్‌కి ఒక గంట చాలు. న్యూ ఇన్ బ్రాడ్‌వే అనే సందులో 2008లో ఆ నాటకశాల పునాదులు బయటపడ్డాయి. ఇప్పుడు చుట్టూ ఆఫీసులు, కాఫీ షాపులు. కాఫీ బాగుంది, ధర బాగాలేదు.

ఆ కలప థేమ్స్ దాటి దక్షిణపు ఒడ్డున బ్యాంక్‌సైడ్‌కి చేరింది. 1599లో గ్లోబ్ అనే కొత్త నాటకశాల అయింది. మేమూ బస అక్కడే తీసుకున్నాం. హోటల్ పేరు చెప్పను. రాత్రికి 140 పౌండ్లు. గదిలో సూట్‌కేసు తెరిస్తే మనిషి మంచమెక్కి కూర్చోవాలి. లిఫ్ట్ ఒక పూట పనిచేయలేదు, అడిగితే సారీ అన్నారు, అంతే. మొదటి ఎలిజబెత్ రాణి పోయిన పదేళ్ళకు, 1613లో, షేక్‌స్పియర్ నది అవతల బ్లాక్‌ఫ్రయర్స్‌లో ఏకంగా ఇల్లే కొన్నాడు. ధర అదే 140 పౌండ్లు! అందులో 60 తాకట్టు బాకీ. అది తలుచుకున్నాక నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు. అయినా ఇక్కడే ఉండమంటాను. పొద్దున్నే ఏటి ఒడ్డున జనం లేనప్పుడు నడవడం అన్నిటికన్నా బాగుంది.

నాటకాలవాళ్ళు ఇక్కడికే ఎందుకొచ్చారంటే, ఈ ఒడ్డు మీద లండన్ నగరపెద్దల మాట చెల్లేది కాదు. ఇక్కడి క్లింక్ పేట వించెస్టర్ బిషప్ అనే చర్చి పెద్ద ఏలుబడి. నాటకాలు, ఎలుగుబంటి మీదికి కుక్కల్ని వదిలే ఆటలు, అన్నీ ఇటే. 1587లోనే హెన్స్‌లో అనే వ్యాపారి కౌలు స్థలంలో రోజ్ నాటకశాల కట్టేశాడు. బిషప్ భవనం గోడ, దాని గుండ్రటి కిటికీ క్లింక్ స్ట్రీట్‌లో ఇంకా నిలబడి ఉన్నాయి. టికెట్ లేదు. బేర్ గార్డెన్స్ సందులో పడవవాళ్ళు కూర్చునే రాతి అరుగు గోడలో ఉంది, వెతుక్కోవాలి. అప్పట్లో ఇక్కడ ఏరు దాటాలంటే ఒకే వంతెన, లేదా పడవ. ఇప్పుడూ బ్యాంక్‌సైడ్ రేవులో పడవలున్నాయి, కార్డు తాకిస్తే చాలు. బస్సు కన్నా బాగా ఎక్కువే అవుతుంది, కానీ ఒక్కసారైనా ఎక్కండి.

1997లో తెరిచిన కొత్త గ్లోబ్‌లో నాటకం చూశాం. మేము వెళ్ళినప్పుడు నిలబడి చూసే టికెట్ 5 పౌండ్ల నుంచి ఉండేది. పైన కప్పు లేదు, వాన పడినా గొడుగు తెరవనివ్వరు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు డబ్బు పెట్టి బెంచీ, దానిమీదికి అద్దె మెత్త తీసుకోవడం మేలు. నేను పౌరుషానికి పోయి నిలబడ్డాను, ఇంటర్వెల్లో నేల మీద కూలబడ్డాను. (1611లో మచిలీపట్నం వచ్చిన ఈస్టిండియా కంపెనీ ఓడ పేరు కూడా గ్లోబే. సంబంధమేమీ లేదు, ఊరికే గుర్తొచ్చింది.)

అసలు గ్లోబ్ ఇది కాదు. రెండు వందల మీటర్ల పైచిలుకు దూరంలో, పార్క్ స్ట్రీట్‌లో ఉండేది. అక్కడ ఒక ఫలకం, నేలలో గుర్తు పెట్టిన రాళ్ళు. మిగతాది 1830ల నాటి ఇళ్ళ వరస కింద ఉండిపోయింది. జనం ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో వెళ్ళిపోతున్నారు. నేను అరగంట నిలబడ్డాను. నికొలస్ బ్రెండ్ అనే స్థల యజమాని దగ్గర ఈ స్థలాన్ని 1599 ఫిబ్రవరిలో కౌలుకు రాయించుకున్నారు, ఈసారి 31 ఏళ్ళకు. సగం వాటా బర్బేజ్ అన్నదమ్ములది, మిగతా సగం షేక్‌స్పియర్‌తో సహా అయిదుగురు నటులది. దెబ్బ తిన్నవాళ్ళు కాబట్టి అద్దె భారాన్నీ లాభాన్నీ పంచేసుకున్నారు.

ఇదంతా చెప్తుంటే మా వాడు మౌనంగా ఉన్నాడు. క్రాయిడన్‌లో ఫ్లాట్ చూస్తున్నాడట, అదీ లీజుదే. ఇక్కడ ఫ్లాట్లు చాలావరకు అంతేనట.

"ఇంకా ఎన్నేళ్ళు మిగిలుంది?" అన్నాను.

"83 మామయ్యా. 80 కిందికి దిగితే పొడిగించుకోవడానికి ఖర్చు పెరుగుతుందంటున్నారు."

రాత్రికి ఆ కాగితం ప్రింటు తీయించమన్నాను. నలభై పేజీలు వచ్చింది. మర్నాడు ఎక్కడికీ వెళ్ళలేదు.