ఎండ మేసే వాచీ: ఐదేళ్ల తర్వాత

తిరుపతి బస్టాండు దగ్గర లాడ్జిలో నాది నైట్ డ్యూటీ. రాత్రంతా రిసెప్షన్‌లో, పగలంతా కిటికీ మూసి నిద్ర. ఎండతో నడిచే వాచీ కొనాల్సిన మనిషినే కాదు. అయినా 2020లో ముళ్ల వాచీ, సిటిజన్ ఎకో డ్రైవ్ కొన్నా.

సోలార్ పలక డయలు కిందే ఉంటుంది, పైకి కనబడదు. 1976లో ఇదే కంపెనీ తెచ్చిన మొదటి సోలార్ ముళ్ల వాచీకైతే పలకలు డయలు మీదే ఉండేవి. నిండా చార్జయితే నాది చీకట్లో కూడా ఆరు నెలలు నడుస్తుందట. నా దగ్గర అది నిండిందెప్పుడు!

2021 నవంబరులో ఊరు మునిగిన ఆ వానలప్పుడు వారాల తరబడి మబ్బు, పైగా నాకు ఫుల్ హ్యాండ్స్ స్వెట్టరు. ఒక రాత్రి చూస్తే సెకన్ల ముల్లు ఒకేసారి రెండు గీతలు దూకుతోంది, ఆగుతోంది, మళ్లీ రెండు. పాడైందనుకున్నా. వాచీ షాపులో చూపిస్తే, "సెల్లు అయిపోయింది సామీ, రెండు నిమిషాల్లో కొత్తదేస్తా" అని వెనక మూత సందులో కత్తి పెట్టేశాడు. మామూలు సెల్లు వేయొద్దని డబ్బాలో కాగితం మీద చదివిన గుర్తు. గబుక్కున చెయ్యి పట్టుకున్నా. ఇంటికొచ్చి ఆ కాగితం తీస్తే తెలిసింది, ఆ దూకుడు ఆకలి కేకని. టైము మాత్రం తప్పలేదు. ఎండ కాసిన రోజు కిటికీలో పెడితే సాయంత్రానికి ముల్లు దారికొచ్చింది.

అలాగని కర్తరి ఎండలో మిద్దె మీద పెట్టకండి. నేను పెట్టా. తీస్తుంటే వేలు చురుక్కుమంది. 60 డిగ్రీలు దాటితే లోపలి సెల్లుకి మంచిది కాదట. అలిపిరి మెట్లెక్కితే ఎండ తగులుతుందిలే అనుకున్నా. 3550 మెట్ల దారిలో చాలా మటుకు పైన కప్పే!

నెలకి ఏడెనిమిది సెకన్లు ముందుకెళ్తుంది, అది లెక్కే కాదు. 30 రోజుల నెల దాటితే తేదీ మనమే తిప్పాలి, అదే విసుగు. అద్దం మీద గీతలు పడ్డాయి. సెల్లుకని ఇంతవరకు రూపాయి పెట్టలేదు.

ఇప్పుడు డ్యూటీ దిగగానే టీ బంకు దగ్గర చొక్కా చెయ్యి మడిచి, మణికట్టు తూర్పుకి పెట్టి నిలబడతా.

"ఏంది సామీ, చేతికి ఎండ పెడతా ఉండావు?" అంటాడు టీ మాస్టరు.

"దానికీ టిఫినుండాలి కదన్నా."