మూడేళ్లుగా మోల్డ్ లింకర్ వాడుతున్నాను

పాత తెలుగు పుస్తకాల స్కాన్లను టెక్స్ట్‌గా మార్చుకోవడానికి నేను టెసరాక్ట్ వాడతాను. కోడ్‌లో చిన్న చిన్న మార్పులు చేస్తుంటాను కాబట్టి టెసరాక్ట్‌నూ, దానికి కావలసిన లెప్టోనికా అనే ఇమేజ్ లైబ్రరీనీ సోర్స్ నుంచే బిల్డ్ చేస్తాను. అప్పుడప్పుడు కంపైలర్లకు ఆధారమైన ఎల్ఎల్‌వీఎం అనే పెద్ద ప్రాజెక్టు కూడా. ఇదంతా హనుమకొండ నయీంనగర్‌లోని మా గదిలో, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్ మీద. ఎండాకాలం కరెంటు పోయిందంటే బ్యాటరీ ఎంతోసేపు ఆగదు. ఒక్కో బిల్డ్ ఎంత త్వరగా అయితే అంత మేలు.

అందుకే మోల్డ్‌కి మారాను. ఇదొక లింకర్, అంటే కంపైల్ అయిన ముక్కలనూ లైబ్రరీలనూ కలిపి ఒక ప్రోగ్రాముగా చేసేది. దీన్ని రాసింది రుయీ ఉయెయామా. ఎల్ఎల్‌వీఎం వాళ్ల ఎల్ఎల్‌డీ లింకర్‌ని ఇప్పుడున్న రూపంలో మొదలుపెట్టిందీ ఆయనే. మోల్డ్ 1.0 2021 డిసెంబరులో వచ్చింది. 2023లో వచ్చిన 2.0తో లైసెన్స్ ఎంఐటీకి మారింది. జీసీసీ కంపైలర్ 12వ వెర్షన్ గానీ ఆ తర్వాతిది గానీ ఉంటే 'ఫ్యూజ్ ఎల్‌డీ' ఆప్షన్‌లో మోల్డ్ పేరు ఇస్తే చాలు. పాత జీసీసీ అయితే 'మోల్డ్ రన్ మేక్' అని నడిపించుకోవచ్చు.

వేగం గురించి ఎక్కువ చెప్పను, నిజంగానే వేగం. ఒక్క ఫైలు మార్చి మళ్లీ లింక్ చేసినప్పుడు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. టెసరాక్ట్‌లో అంతగా కనిపించదు గానీ ఎల్ఎల్‌వీఎం డీబగ్ బిల్డ్‌లో మాత్రం పని తీరే మారిపోయింది.

మెమరీ దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఎల్ఎల్‌వీఎం బిల్డ్ చివర్లో నాలుగైదు లింకులు ఒకేసారి మొదలై 'సిగ్నల్ 9, కిల్డ్' అని ఆగిపోయేది. కోడ్‌లో తప్పుందనుకుని మొదట్లో రెండు రోజులు టెన్షన్ పడ్డాను. జరిగిందేమిటంటే, ర్యామ్ అయిపోయి కెర్నలే లింకర్‌ని చంపేసింది. ఎల్ఎల్‌వీఎంలో ఒకేసారి నడిచే లింకుల సంఖ్యను 1కి తగ్గించే సెట్టింగ్ ఉంది. మోల్డ్‌లో అయితే మోల్డ్ జాబ్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కి 1 ఇస్తే, ఒక లింక్ అయ్యాకే ఇంకొకటి మొదలవుతుంది. తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లు ముందు ఇది పెట్టుకోండి.

ఎర్రర్లు చూపించే పద్ధతి నాకు నచ్చింది. దొరకని సింబల్ (ఫంక్షన్ లాంటి వాటి పేరు) ఏదో ఒకసారి చెప్పి, దాన్ని అడిగిన ఫైళ్లను కిందనే చూపిస్తుంది. స్క్రీన్ నిండా ఒకే మాట రాదు. అంతమాత్రాన ఎర్రర్‌ని అదే పరిష్కరిస్తుందని అనుకోవద్దు. మా పక్క గదిలో ఇంజినీరింగ్ చదివే తమ్ముడు ఒకరోజు వచ్చి, "అన్నా, లెప్టోనికా ఉన్నది గదా, మళ్ల అన్‌డిఫైన్డ్ అంటున్నదేంది?" అన్నాడు. లైబ్రరీ ఉంది, కాకపోతే రెండున్నాయి. ఆప్ట్ ప్యాకేజీ మేనేజర్‌తో వేసిన పాతది ఒకటి, యూఎస్ఆర్ లోకల్ ఫోల్డర్‌లో తను బిల్డ్ చేసుకున్న కొత్తది ఇంకొకటి. ఏయే ఫంక్షన్లున్నాయో చెప్పే హెడర్ ఫైళ్లు కొత్తదానివి, లింక్ అవుతున్నది పాతది. కొత్త హెడర్‌లో ఉన్న ఫంక్షన్ పాత లైబ్రరీలో ఎక్కడుంటుంది?

ఇలాంటప్పుడు ఏ లింకర్ వాడినా చూడాల్సింది ఒకటే. లైబ్రరీ ఎక్కడుందో చెప్పే పీకేజీ కాన్ఫిగ్ ఏ ఫోల్డర్ ఇస్తోందో చూడాలి. సింబల్స్ జాబితా చూపించే ఎన్ఎమ్ కమాండ్‌తో లైబ్రరీని తెరిచి, సింబల్ పక్కన 'టీ' ఉందా 'యూ' ఉందా చూడాలి. ఫంక్షన్ పక్కన టీ ఉంటే అది అందులోనే ఉన్నట్టు, యూ ఉంటే ఆ లైబ్రరీ కూడా ఇంకొకరిని అడుగుతున్నట్టు. ఎర్రర్ సింబల్‌లో 'సీఎక్స్ఎక్స్ 11' అని కనిపిస్తే జీసీసీ 5లో మారిన స్ట్రింగ్ ఏబీఐని (కంపైల్ అయిన ముక్కలు ఒకదానితో ఒకటి కలిసే పద్ధతిని) గుర్తు చేసుకోండి, పాత ఏబీఐతో కంపైల్ అయిన లైబ్రరీ ఒకటి ఎక్కడో కలిసి ఉంటుంది. బిల్డ్ అయింది గానీ నడిపితే 'షేర్డ్ ఆబ్జెక్ట్ తెరవలేకపోయాను' అంటే చాలాసార్లు లైబ్రరీల జాబితాను తాజా చేసే ఎల్‌డీ కాన్ఫిగ్ కమాండ్ ఒక్కసారి నడిపితే సరిపోతుంది.

మోల్డ్ మీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే. ప్రోగ్రాములోనే కలిసిపోయే స్టాటిక్ లైబ్రరీలను ఏ వరసలో ఇచ్చినా అది సర్దుకుంటుంది. లినక్స్‌లో మామూలుగా ఉండే గ్నూ లింకర్ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూసుకుంటూ పోతుంది. నేను లెప్టోనికాని ముందు, టెసరాక్ట్‌ని తర్వాత రాసి నెలల తరబడి హాయిగా బిల్డ్ చేశాను. బిల్డ్ ఆదేశాలు రాసిన అదే మేక్‌ఫైల్ కాజీపేటలో ఉండే స్నేహితుడికి ఇస్తే, గ్నూ లింకర్ ఉన్న తన మెషీన్‌లో లెప్టోనికా ఫంక్షన్లన్నీ అన్‌డిఫైన్డ్ అయ్యాయి. తప్పు నాదే, కానీ నా మెషీన్ ఒక్కసారి కూడా చెప్పలేదు. అడిగేది ముందు, ఇచ్చేది తర్వాత రావాలి. ఎల్ఎల్‌డీలో 'వార్న్ బ్యాక్‌రెఫ్స్' అనే ఆప్షన్ ఈ తప్పును పట్టిస్తుంది. దానికోసమే ఎల్ఎల్‌డీ కూడా వేసి ఉంచాను.

మెమరీలో ఏది ఎక్కడుండాలో చెప్పే లింకర్ స్క్రిప్ట్‌ల మీద ఆధారపడే కెర్నల్, ఎంబెడెడ్ పనులకు మోల్డ్ తీసుకోకండి. మామూలు ప్రోగ్రాములు రోజుకు పదిసార్లు బిల్డ్ చేసేవాళ్లు మాత్రం ధైర్యంగా వాడొచ్చు. నేను పగలంతా మోల్డ్‌తోనే పని చేస్తాను. ఎవరికైనా కోడ్ పంపాల్సిన రోజు మాత్రం రాత్రి పడుకునే ముందు బిల్డ్ ఫోల్డర్ మొత్తం తుడిచేసి, గ్నూ లింకర్‌తో ఒకసారి మొదటి నుంచి బిల్డ్ పెట్టి పడుకుంటాను.