ఫిలోమాత్, పాలీమాత్: ఎవరిని ఏమనాలి?

పాలీమాత్ అనే మాట ఇంగ్లిష్ పేపర్లలో తరచూ కనిపిస్తుంది. ఫిలోమాత్ మాత్రం అరుదు. రెండింటి చివరా ఉన్న 'మాత్'ని చూసి లెక్కల మాస్టారు అనుకోకండి. అది గ్రీకులో 'నేర్చుకోవడం' అనే అర్థమున్న ధాతువు. మ్యాథమెటిక్స్ కూడా అక్కణ్ణుంచే పుట్టింది.

పాలీ అంటే పలు. కాబట్టి పాలీమాత్ అంటే అనేక శాస్త్రాల్లో పట్టు సాధించినవాడు. గణితం, నాణేల అధ్యయనం, ప్రాచీన చరిత్ర మూడింటిలోనూ గట్టి పని చేసిన డి.డి. కోశాంబికి ఇది చక్కగా నప్పుతుంది. ఫిలో అంటే ప్రేమ. ఫిలోమాత్‌కి చదువంటే ఇష్టం, అంతే. ఎంత వచ్చన్న లెక్క లేదు.

ఈ అరుదైన మాటకే చరిత్ర ఎక్కువ. ఒకప్పుడు ఇంగ్లండ్‌లో, అమెరికాలో పంచాంగాలు కట్టేవాళ్లు పేరు పక్కన దీన్ని బిరుదులా తగిలించుకునేవారు. గ్రహగతులు లెక్కగట్టగలమని చెప్పుకోవడం అన్నమాట. బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1733 సంవత్సరానికి వేసిన పంచాంగం మీద రచయిత 'రిచర్డ్ సాండర్స్, ఫిలోమ్.' అని ఉంటుంది. ఆ సాండర్స్ ఆయన కల్పించిన మనిషి! ఫ్రాంక్లిన్‌ని మాత్రం ఇప్పుడందరూ పాలీమాత్ అంటారు. అమెరికాలోని ఒరెగాన్‌లో ఫిలోమాత్ అనే ఊరు కూడా ఉంది, అక్కడి పాత కాలేజీ పేరు మీదుగా.

వాడుకలో నా సలహా: పాలీమాత్ ఇతరులు ఇవ్వాల్సిన కితాబు, సొంత బయోడేటాలో రాసుకుంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ఫిలోమాత్ అని రాసుకోవచ్చు, కాకపోతే ఇంటర్వ్యూలో అర్థం చెప్పాల్సి రావచ్చు.